నల్ల పలక

ఫైనలియరు ప్రాజెక్టుకి అందరూ ఇంజన్లూ టర్బైన్లూ ఎంచుకుంటే నా వంతుకి ఒక అల్యూమినియం పలక వచ్చింది. 20 సెంటీమీటర్ల చదరం. లోపల హీటరు, పైన నల్లరంగు. ఫ్యాను ఆపేసి దాన్ని నిలువుగా వేలాడదీస్తే ఎంత వేడి దగ్గర నిలకడకి వస్తుందో కంప్యూటరులో లెక్కకట్టాలి. "ఇదీ ఒక ప్రాజెక్టేనా?" అని మిత్రులు నవ్వారు.

నవ్వినంత తేలిక కాదండీ! వేడెక్కిన గాలి తేలికై పలకని రాసుకుంటూ పైకి పోతుంది. ఆ చోటికి చల్లగాలి చేరుతుంది. ఇదే సహజ సంవహనం. గాలి జోరు పలక వేడిని బట్టి, పలక వేడి గాలి జోరుని బట్టి. చెట్టు ముందా, విత్తు ముందా? అందుకని ఒక ఉష్ణోగ్రత ఊహించుకుని, పోయే వేడి లెక్కవేసి, అది హీటరిచ్చే వేడికి సరిపోయేదాకా దిద్దుకుంటూ పోవాలి. వచ్చేదీ పోయేదీ సమానమైతే స్థిరస్థితి.

1975లో చర్చిల్, చూ ప్రకటించిన సూత్రంతో ప్రోగ్రాము రాశాను. గది 30 డిగ్రీలు, హీటరు 38 వాట్లు. జవాబు సుమారు 110 డిగ్రీలు. తీరా ల్యాబులో చెమటలు కక్కుతూ కూర్చుంటే, థర్మోకపుల్ 70 దగ్గర ఆగిపోయింది!

ఆ రాత్రి నాకో పాడు బుద్ధి పుట్టింది. రికార్డులో 70ని 108 చేస్తే ఎవరు చూడొచ్చారు? పెన్ను మూత కూడా తీశాను. ఎందుకో చెయ్యి రాలేదు.

తెల్లారి వెళ్ళి, "సార్, థర్మోకపుల్ పాడైనట్టుంది" అన్నాను.

ఆయన పలకకేసి చూసి, "దీనికి నల్లరంగు ఎందుకు వేశారోయ్?" అని మాత్రం అన్నారు.

అంతే, తల తిరిగిపోయింది. వికిరణం! నల్లరంగు ఉద్గారత 0.9 వేసి మళ్ళీ లెక్కకడితే సరిగ్గా 70 వచ్చింది. 38 వాట్లలో గాలి మోసేది 16. మిగతా 22 వికిరణానివే. నేను లెక్కలోకే తీసుకోనిది సగానికి పైగా బరువు మోస్తోందన్నమాట. మెరుగు పెట్టిన ఉత్త అల్యూమినియమైతే వికిరణం బహుస్వల్పం, నా తప్పు దాదాపు బయటపడేదే కాదు!

రికార్డులో రెండు లెక్కలూ ఉంచాను, 110తో సహా. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కొలతని దిద్దబోయే ముందు, లెక్కలో ఎవరిని మరిచిపోయారో ఒక్కసారి వెతుక్కోండి.