ఫారాలకు ఒక చోటు

జాంగోలో మోడల్స్‌ని ఫ్రేమ్‌వర్కే వెతుక్కుంటుంది. ప్రతి యాప్‌లోనూ వాటి మాడ్యూల్ కోసం చూస్తుంది. ఫారాల క్లాసుల్ని మాత్రం వెతకదు. వాటిని ఎక్కడ రాసినా దానికి పట్టింపు లేదు. అందరం రాసుకునే ఫార్మ్స్ డాట్ పై ఫైలు వాడుకగా వచ్చిందే తప్ప నియమం కాదు.

ఈ స్వేచ్ఛ నాకిష్టం. చిన్న యాప్‌కి ఆ ఒక్క ఫైలు చాలు. ఫారాలు పెరిగాక దాన్ని ఫోల్డరు చేసి రిజిస్ట్రేషన్, చెల్లింపులు, ప్రొఫైలు అంటూ పనిని బట్టి విడగొడితేనే నాకు మనసు కుదురుతుంది. తెరల్ని బట్టి సర్దడం నచ్చదు, తెరలు ఊరికే మారిపోతుంటాయి.

అంతకన్నా నన్ను ఆలోచింపజేసేది ఏ తనిఖీ ఎక్కడుండాలన్నది. పిన్‌కోడ్‌కి ఆరంకెలున్నాయా అన్నది ఆ ఫీల్డు సొంత క్లీన్ మెథడ్‌లో ఉండాలి. బయల్దేరే తేదీకన్నా తిరిగొచ్చే తేదీ ముందుందా అన్నది రెండు ఫీల్డుల సంగతి కాబట్టి ఫారం మొత్తానికున్న క్లీన్‌లో ఉండాలి. ఇవి వ్యూలోకి జారితే, అదే ఫారాన్ని ఇంకోచోట వాడినప్పుడు ఆ తనిఖీ జరగనే జరగదు.

అవతల ఫారం నింపుతున్న మనిషికి తప్పు ఏ పెట్టెలో ఉందో దాని పక్కనే చెప్పాలి కదా! ఫారానికున్న యాడ్ ఎర్రర్ మెథడ్‌కి ఫీల్డు పేరు ఇస్తే సందేశం ఆ ఫీల్డుకే చేరుతుంది. ఆ పేరుకి బదులు నన్ (None) ఇస్తే, ఫారం మొత్తానికి చెందిన తప్పుల్లో కలిసిపోతుంది.