దెబ్బలోని బలము

బలవంతుడు అను మాట వినగానే మన కన్నులకు కట్టునది కండలు తిరిగిన బాహువులు. బాలురు తమ బలమును చూపదలచినపుడు చొక్కా చేతిని పైకి మడచి, మోచేతిని వంచి, కండను ఉబ్బించి చూపుదురే కాని, పిక్కను చూపు బాలుని నేనెన్నడును చూడలేదు. మన తెలుగునాట పుట్టి మల్లయోధుడుగా కీర్తిగాంచిన కోడి రామమూర్తి నాయుడుగారు ఏనుగును మోసినది చేతులపై కాదు, ఱొమ్ముపై. అయినను ఆయన చిత్రపటమును చూచునపుడు మన చూపు ముందుగా నిలుచునది ఆయన భుజములపైననే. చేతులకు మనము ఇచ్చు ఈ గౌరవము వాటికి పూర్తిగా చెల్లదని నాకు తెలియజెప్పినది గోల్ఫు అను ఆట.

గోల్ఫు మన గ్రామములలోని బాలబాలికలకు అంతగా పరిచితమైనది కాదు. దీనికి విశాలమైన పచ్చిక మైదానము కావలెను. వెల హెచ్చు కర్రలు కావలెను. అందుచేత మన దేశమున ఇది చిరకాలము కలవారి ఆటగానే నిలిచినది. పుట్టినింట మాత్రము దీని కథ వేరు. స్కాట్లండు దేశపు యువకులు విలువిద్యను అభ్యసింపక బంతుల వెంట పోవుచున్నారని బెంగపడి, 1457లో అచ్చటి పార్లమెంటు ఈ ఆటను నిషేధించుచు శాసనము చేసెను. శాసనము పోయెను, ఆట నిలిచెను. మన కలకత్తాలో 1829 నాటికే గోల్ఫు క్లబ్బు వెలసెను.

బిళ్ళంగోడు ఎరిగినవారికి ఈ ఆట సులభముగా బోధపడును. బంతి నేలపై కదలక యుండును. దాని బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దానిని కర్రతో కొట్టి, వందల గజముల దూరమున 108 మిల్లీమీటర్ల వెడల్పు గల గుంటలోనికి వీలైనంత తక్కువ దెబ్బలతో చేర్చవలెను. అట్టి గుంటలు 18 ఉండును. బంతి కదలదు, ప్రత్యర్థి అడ్డము రాడు, తొందర పెట్టువారు లేరు. ఇంత సులభముగా కనబడు పని ఇంత కష్టమెట్లయ్యెనో కర్ర పట్టి చూచినవానికే తెలియును.

నాకు ఈ ఆటతో పరిచయము కలుగుటకు కారణము సరదా కాదు, నడుము నొప్పి. ఇరువది రెండు సంవత్సరములు నేను కుర్చీలో కూర్చుండి లెక్కలు వ్రాసితిని. ఆ కుర్చీ నా దేహమును తన ఆకారమునకు తెచ్చుకొనెను. అదే కాలమున మా తండ్రిగారు మంచము పట్టిరి. ఉదయ సాయంకాలములందు వారిని లేవనెత్తి కూర్చుండబెట్టవలసిన భారము నాపై నుండెను. ఒక్కొక్క దినము నడుము పట్టివేసి ఆ పని నా వలన కాకుండెను. ఇరుగుపొరుగువారిని పిలువవలసి వచ్చినపుడు మా తండ్రిగారు ముఖమును గోడవైపు త్రిప్పుకొనెడివారు. వైద్యుడు నన్ను పరీక్షించి, ఎముకలలో దోషము లేదనియు, తుంటి కీళ్ళు బిగిసిపోవుటచే అవి చేయవలసిన పనియంతయు నడుము మీద పడుచున్నదనియు, దేహమునకు తగిన కదలిక కావలెననియు చెప్పెను. నా మిత్రుడొకడు గోల్ఫు ఆడువాడు. సికింద్రాబాదు శివారున తాను అభ్యాసము చేయు మైదానమునకు నన్ను తీసికొనిపోయి ఒక శిక్షకునికి అప్పగించెను.

ఆ శిక్షకుని అందరును ఉస్తాద్ అని పిలిచెడివారు. అప్పటికి ఆయన వయస్సు అరువది దాటినది. బాల్యమున ఆయన క్యాడీ. అనగా ఆడువారి కర్రల సంచిని భుజమున మోయుచు వారి వెంట నడచు పనివాడు. ఆయనకు ఆట నేర్పినవారెవ్వరును లేరు. మోయుచు చూచెను, చూచి నేర్చెను.

నేను బంతిని కొట్టుటకు వచ్చితినని తలచితిని. ఆయన నాకు బంతిని చూపనే లేదు. “సారూ, ముందు నిలబడుట నేర్చుకొనుడు” అనెను. ఆరు వారములు నేను నేర్చినది అదియే. పాదములను భుజముల వెడల్పున ఎడముగా ఉంచవలెను. మోకాళ్ళు కొంచెము సడలవలెను. వెన్ను వంగక, తుంటి వద్ద మాత్రమే దేహము ముందునకు వాలవలెను. ఇది చదువుటకు ఒక వాక్యము. చేయుటకు ఒక మాసము. మన స్త్రీలు పొలములో నాట్లు వేయునపుడు వంగు తీరు ఇట్టిదే. నడుమును విల్లువలె వంచినవారు సాయంకాలము వరకు పని చేయలేరు. తుంటి వద్ద వంగినవారికిని నొప్పి తప్పదు కాని వారు తట్టుకొందురు.

పిమ్మట గుంజీళ్ళు తీయించెను. పాఠశాలలో దండనగా తీసిన గుంజీళ్ళను ఏబదవ ఏట రుసుము చెల్లించి తీయుట నాకు వింతగా తోచెను. ఒంటికాలిపై నిలుచుండి నూరు లెక్కించుట, కర్రను మెడ వెనుక భుజములపై అడ్డముగా ఉంచుకొని తుంటిని కదల్పక మొండెమును మాత్రమే ఇరుప్రక్కలకు త్రిప్పుట, మరల మొండెమును నిలిపి తుంటిని మాత్రమే త్రిప్పుట – ఇవి తరువాతి పాఠములు. ఈ చివరిది అన్నింటికంటె కష్టము. తుంటియు మొండెమును వేరువేరుగా తిరుగగలవను సంగతినే నా దేహము మరచియుండెను.

ఉస్తాద్ చెప్పిన దానికి శాస్త్రమున ఆధారము కలదు. వెన్నెముక అంతటను ఒకే తీరుగా తిరుగదు. నడుము ప్రాంతమున నున్న 5 వెన్నుపూసలు వంగుటకు అనుకూలమైనవే కాని మెలిదిరుగుటకు అనుకూలమైనవి కావు. అన్నియు కలిసియు ఒక ప్రక్కకు కొలది డిగ్రీలు మాత్రమే తిరుగగలవు. తుంటి అట్లు కాదు. అది బంతిగిన్నె కీలు. నడుమునకు పైన, ఱొమ్ము వెనుక నున్న వెన్నుభాగమును చక్కగా తిరుగును. తిరుగవలసిన ఈ రెండును బిగిసిపోయినచో, తిరుగరాని నడుము తిరుగవలసి వచ్చును. గోల్ఫు ఆడువారిలో నడుము నొప్పి మెండుగా కనబడుటకు ఇది ఒక ముఖ్య కారణము. లోకప్రసిద్ధుడైన టైగర్ వుడ్స్ వంటివాడు సైతము ఈ బాధ వలన 2017లో వెన్నుపూసలను కలిపివేయు శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను. అతడు మరల 2019లో మాస్టర్స్ పోటీని గెలుచుట వేరు కథ.

ఇక దెబ్బ సంగతి. కర్రను వెనుకకు ఎత్తి, ముందునకు విసరి బంతిని కొట్టు ఈ చర్యను స్వింగు అందురు. నిపుణుడైన ఆటగాడు కర్రను వెనుకకు ఎత్తుటకు సుమారు ముప్పాతిక సెకను పట్టును. క్రిందికి దింపి బంతిని తాకుటకు పావు సెకను చాలును. ఆ పావు సెకనులో కర్ర తల గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమును అందుకొనును. కర్రయు బంతియు ఒకదానినొకటి అంటియుండు కాలము సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఱెప్పపాటు దానితో పోల్చిన ఒక యుగము. ఇంతటి వేగమును చేతులు ఒంటరిగా పుట్టించలేవు. 1968లో కాక్రన్, స్టాబ్స్ అనువారు శాస్త్రజ్ఞుల పరిశోధనలను చేర్చి ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును చర్చించి, కాళ్ళలోను తుంట్లలోను గల పెద్ద కండరములే ఈ శక్తికి మూలమని తేల్చిరి.

అది ఎట్లనగా, ఆటగాడు పాదముతో నేలను త్రొక్కును; నేల అంతే బలముతో అతనిని తిరిగి నెట్టును. మీరు చదివెడి న్యూటను మూడవ నియమము ఇదియే. ఆ బలము కాళ్ళ ద్వారా తుంటిని త్రిప్పును. తుంటి మొండెమును, మొండెము భుజములను, భుజములు చేతులను, చేతులు కర్రను వరుసగా లాగుకొనిపోవును. ఒక్కొక్క అవయవము తన వేగమును తరువాతి దానికి అప్పగించి తాను నెమ్మదించును. చెర్నాకోల పిడి ఆగినపుడు కొస ఛెళ్ళుమనుటకు కారణమిదియే. గోదావరి లంకలలో వల విసరు పల్లెకారుని చూచినవారికి ఇందులో క్రొత్త ఏమియు లేదు. అతడు వలను చేతితో విసరడు. పడవలో పాదములను నిలద్రొక్కి, తుంటిని త్రిప్పి, దేహమునంతను విసరును. వల దాని వెంట పోయి గొడుగువలె విచ్చుకొనును.

భూమిని వీడి పోయినవాడొకడు కూడ గోల్ఫు బంతిని కొట్టినాడు. 1971 ఫిబ్రవరిలో చంద్రునిపై దిగిన అలన్ షెపర్డ్, మట్టిని సేకరించు పనిముట్టు పిడికి గోల్ఫు కర్ర తలను తగిలించి బంతులను కొట్టెను. చంద్రునిపై ఆకర్షణ భూమిపైనున్న దానిలో ఆరవ వంతు. గాలి అడ్డే లేదు. అయినను 2021లో నాటి ఛాయాచిత్రములను పరిశీలించి లెక్కించినపుడు అతడు దూరముగా కొట్టిన బంతి సుమారు 40 గజములే పోయినదని తేలెను. బిఱుసైన అంతరిక్ష దుస్తులలో అతనికి రెండు చేతులతో కర్రను పట్టుటకు గాని, దేహమును త్రిప్పుటకు గాని వీలు చిక్కలేదు. ఒంటిచేతి దెబ్బకు అంతకంటె ఏమి ఫలము కలుగును?

దేహమును శిక్షించి ఈ ఆటలో పైకి వచ్చినవారిలో నాకు మిక్కిలి ప్రియమైనవాడు గారీ ప్లేయర్. ఆయన 1935లో దక్షిణాఫ్రికాలో జన్మించెను. తండ్రి బంగారు గనులలో పని చేసెడివాడు. ఎనిమిదవ ఏట తల్లి మరణించెను. అన్న ఇయాన్ రెండవ ప్రపంచ యుద్ధమునకు పోవుచు, తమ్ముని చేత ప్రతిదినము వ్యాయామము చేయుదునని మాట తీసికొనెను. ఆ అన్న తరువాతి కాలమున తెల్ల ఖడ్గమృగముల సంరక్షణకు పాటుపడి ప్రసిద్ధుడయ్యెను. తమ్ముడు పొట్టివాడు. బరువులెత్తినచో కండరములు బిగిసి స్వింగు చెడునని ఆ కాలపు ఆటగాండ్రు నమ్మెడివారు. ప్లేయర్ వారి మాటను లెక్క చేయక బరువులెత్తెను. 1965లో అమెరికా ఓపెన్ పోటీని గెలిచి, నాలుగు మహా పోటీలను గెలిచిన మూడవవాడయ్యెను. మొత్తము మీద అట్టి విజయములు తొమ్మిది సాధించెను. నాడు నవ్వినవారి మనుమలు నేడు బరువులెత్తకుండ పోటీలకు పోరు.

ఆ ముగ్గురిలో రెండవవాడు బెన్ హోగన్. టెక్సాసులో క్యాడీగా సంచులు మోసి ఎదిగినవాడు. 1949 ఫిబ్రవరి 2న పొగమంచులో ఆయన కారును బస్సు ఢీకొనెను. ప్రక్కనున్న భార్యకు అడ్డముగా దూకుటచే ఆమెకు ప్రాణము దక్కెను, ఆయనకును దక్కెను. కాని కటి ఎముక, మెడయెముక, చీలమండ, ప్రక్కటెముక విరిగెను. ఇక నడచుటయే సందేహమనిరి. పదునారు మాసములకు, 1950 జూనులో, కాళ్ళకు కట్లు చుట్టుకొని అమెరికా ఓపెన్ పోటీని గెలిచెను. 1957లో వెలువడిన తన పాఠముల గ్రంథమున ఆయన, కర్రను క్రిందికి దింపునపుడు మొదట తిరుగవలసినది తుంటియేయని వ్రాసెను. ఏ తుంటి ఎముక విరిగినదో ఆ తుంటిని గూర్చియే.

అయినను బలమే సర్వస్వమని నేను చెప్పను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో మన అదితి అశోక్ బంతిని తోటివారిలో చాలమంది కంటె దగ్గరగానే కొట్టుచు, గుంట చెంత చూపిన నిదానముతో నాలుగవ స్థానమును పొందెను. ఒక్క దెబ్బ తేడాతో పతకము తప్పెను.

నా సంగతి చెప్పవలెనన్న, నేను గొప్ప ఆటగాడను కాలేదు. ఏడవ వారమున ఉస్తాద్ నాకు బంతినిచ్చెను. అది నూరు గజములు పోయెనో లేదో. కాని ఆ మాసముననే ఒక ఉదయమున మా తండ్రిగారిని లేవనెత్తుచు, తెలియకయే పాదములను ఎడము చేసి, తుంటి వద్ద వంగి, వెన్ను నిటారుగా ఉంచి, నేలను త్రొక్కి లేచితిని. వారు తేలికగా లేచి కూర్చుండిరి. కొంత తడవు నన్ను చూచి, “ఈ దినము నీ చేతులు వణకలేదురా” అనిరి. చేతులది కాదని వారికి చెప్పలేదు. అటుపిమ్మట వారు జీవించిన పదునొకండు మాసములును పొరుగువారిని పిలువవలసిన అవసరము కలుగలేదు.

సోమవారమున ఆ మైదానమునకు సెలవు. సభ్యులు రారు, ఆ దినము క్యాడీలు ఆడుకొనవచ్చును. ఒక సోమవారము నేను పోయి చూచితిని. ఉస్తాద్ కుడి భుజము ఎడమ భుజము కంటె దిగియుండుట నాకు ఆనాడే కనబడెను. నలువది సంవత్సరములు సంచి వ్రేలాడిన భుజమది. ఇతరుల నడుములను సరిచేసిన ఆయనకు ఆ భుజము రాత్రులందు నిదుర పట్టనిచ్చెడిది కాదట. అచట ఒక క్యాడీ కుమారుడు, పాఠశాలనుండి తిన్నగా వచ్చిన సన్నని బాలుడు, ఎరవు తెచ్చిన ఒకే కర్రతో బంతిని కొట్టెను. అది నా బంతి ఎన్నడును పోని దూరమునకు, చెట్ల పైగా పోయెను. మేమందరము తలలెత్తి దానిని చూచుచుంటిమి. ఉస్తాద్ చూడలేదు. ఆయన వంగి ఆ బాలుని ఎడమ పాదము గడ్డిలో దిగిన చోటును వ్రేలితో తడవుచుండెను.