పీలియన్ కొండ మీద వాల్‌నట్ కుకీలు

డిసెంబరు మూడో వారంలో ఏథెన్స్ మిఠాయి కొట్లన్నిటా రెండు గుట్టలు కనిపిస్తాయి. ఒకటి గోధుమరంగు, తేనె కారుతూ, పైన వాల్‌నట్ పలుకులు చల్లి. రెండోది పంచదార పొడిలో పొర్లించిన తెల్లటి గుట్ట. జనం కిలోల లెక్కన తూయించుకుని అట్టపెట్టెల్లో కట్టించుకుపోతున్నారు. మా వదిన గుడ్డు తినదు. అలాంటి మనిషికి యూరప్ బేకరీలో దక్కేది వాసనొక్కటే. కానీ గోధుమరంగు గుట్ట మీద 'నిస్తీసిమో' అని చీటీ గుచ్చి ఉంది. ఏమిటని అడిగితే, ఉపవాసానికి పనికొచ్చేదని చెప్పాడు కొట్టతను. గుడ్డు లేదు, వెన్న లేదు, పాలు లేవు.

వదిన కళ్ళజోడు సర్దుకుని, "పండక్కి చేసుకునేది ఉపవాసం వంటా?" అంది.

వోలోస్ వెళ్ళే బస్సులో నాలుగు గంటల పైన ప్రయాణం. చెప్పుకోడానికి కావలసినంత తీరిక. గ్రీకు ఆర్థడాక్స్ చర్చిలో క్రిస్మస్‌కి ముందు 40 రోజులు, నవంబరు 15 నుంచి, ఉపవాసకాలం. మాంసం, పాలు, వెన్న, గుడ్లు ముట్టరు. నిష్ఠగా ఉండేవాళ్ళు బుధ, శుక్రవారాల్లో నూనె కూడా మానేస్తారు. పట్నాల్లో ఇప్పుడంత పట్టింపు లేదు. అయితే పండగ పిండివంటలకి పొయ్యి వెలిగించాల్సింది ఆ రోజుల్లోనే. అందుకని పాడి జోలికి పోకుండా ఆలివ్ నూనె, నారింజ రసం, తేనె, వాల్‌నట్‌లతో చేసుకున్నవి ఈ మెలోమకారొనా. తెల్లవి కురబియేదెస్, వెన్నా బాదంపప్పూ పడతాయి. వాటిని క్రిస్మస్ దాకా తినకూడదు. వద్దన్నవాటిని వదిలేసి ఉన్నవాటితో చేసిన వంటలోనే పనితనం బయటపడుతుందని నా నమ్మకం. కార్తీకమాసంలో మా అమ్మ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా చేసిన కూరలు తిన్నదాన్ని, ఆ మాట ధైర్యంగానే అంటాను.

వోలోస్ రేవు పట్నం. 2023 సెప్టెంబరులో డేనియల్ తుఫాను దీన్నీ, వెనకున్న థెస్సలీ మైదానాన్నీ ముంచెత్తింది. ఊరిని ఆనుకుని నేయా ఇయోనియా అని ఒక పేట ఉంది. 1922లో ఆసియా మైనరు నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చినవాళ్ళు కట్టుకున్న పేట అది. మరుసటి ఏడు లొసాన్ ఒప్పందంతో గ్రీసు, టర్కీ జనాన్నే మార్చుకున్నాయి. పన్నెండు లక్షల మందికి పైగా గ్రీసుకు చేరారు. వాళ్ళతో పాటు వాళ్ళ వంటలూ వచ్చాయి. ఆ పేటలో మేము కాఫీ తాగడానికి మించి ఆగలేదు. సాయంత్రం బస్సు తప్పితే కొండెక్కలేం.

పీలియన్ కొండ మీద మేం దిగాల్సిన ఊరు పోర్తరియా, వోలోస్ నుంచి పన్నెండు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. పలకరాతి కప్పుల ఇళ్ళు, ఊరి మధ్య పెద్ద ప్లేన్ చెట్టు, దాని కింద కాఫీ హోటలు. పురాణాల్లో సగం మనిషి, సగం గుర్రమైన కెంటార్లు తిరిగిన కొండ ఇదే. మేం దిగిన ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఇంగ్లీషు రాదు. కూతురు మధ్యలో కూర్చుని అటూ ఇటూ మాటలు చేరవేసేది.

వచ్చినవాళ్ళకి మొదట చిన్న పళ్ళెంలో ఒక నల్లటి కాయ, ఒక చెంచా, గ్లాసెడు చన్నీళ్ళు ఇచ్చారు. అది పచ్చి వాల్‌నట్ కాయ. జూన్ మొదట్లో, లోపల పెంకు గట్టిపడకముందే కోస్తారు. పైతోలు చెక్కి, నీళ్ళు మారుస్తూ రోజుల తరబడి నానబెట్టి, చేదు పోయాక లవంగాలతో పాకం పడతారు. చేతికి తొడుగుల్లేకుండా చెక్కితే వేళ్ళు వారాల పాటు నల్లగా ఉంటాయిట. కాయ మొత్తంగా తినేశాం. పీలియన్ ఊళ్ళలో మహిళా సహకార సంఘాలు ఇలాంటి పాకం పళ్ళనే సీసాల్లో అమ్ముతాయి.

మర్నాడు వంట. కిలో మైదాకి అర లీటరు నూనె. వదిన ఆ ధార చూసి నోరు మెదపలేదు, అదే ఆవిడ మెచ్చుకోలు. నారింజ రసంలో వంటసోడా వెయ్యగానే నురుగు గిన్నె అంచుదాకా పొంగింది. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, నారింజ తొక్క కోరు. తర్వాత ఇంటావిడ బల్ల కింద నుంచి మెటాక్సా సీసా తీసింది.

వదిన నా మోచెయ్యి గిల్లింది. "బ్రాందీ కదూ?"

"అవును వదినా."

"ఓవెన్లో పోతుందా?"

"చాలావరకు పోతుంది. మొత్తం పోదు."

కూతురు పసిగట్టి నవ్వింది. బ్రాందీ బదులు ఇంకాస్త రసం పోసి మాకో వాయి విడిగా చేద్దామంది.

పిండీ బొంబాయి రవ్వా చల్లి, చేత్తో రెండుమూడుసార్లు కలిపి వదిలేసింది ఇంటావిడ. అలవాటు కొద్దీ వదిన మర్దించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఎక్కువ పిసికితే పిండి నూనె కక్కుతుంది, కుకీ గుల్లగా రాకుండా రాయిలా బిగుసుకుంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఒత్తి, తురుముపీట సన్నవైపు అదిమి గీతలు పడేలా చేశాం. ఆ గీతల్లోంచే పాకం లోపలికి దిగుతుంది. 180 డిగ్రీల్లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు.

పాకం ముందే కాచి చల్లార్చి ఉంచారు. దింపాక తేనె కలిపారు. అది పైన్ తేనె. గ్రీసులో తీసే తేనెలో సగానికి పైగా ఇదే, కానీ పువ్వుల తేనె కాదు. పైన్ చెట్ల బెరడు మీద ఒక చిన్న పురుగు రసం పీల్చి తీపి చుక్కలు విడుస్తుంది. తేనెటీగలు వాటిని పోగుచేస్తాయి. వదినకి ఈ సంగతి నేను చెప్పలేదు.

మండపేట పక్కన పుట్టిన మనిషికి పాకం గురించి ఒకరు నేర్పక్కర్లేదు. తాపేశ్వరం కాజా పాకం పీల్చినట్టే ఇదీ పీల్చాలి, లోపల తడి, పైన బిరుసు. వేడి కుకీని చల్లటి పాకంలో వేసి పది లెక్కపెట్టి చిల్లుల గరిటెతో తీస్తుంది ఇంటావిడ. ఆవిడ అత్తగారి పద్ధతి దానికి తలకిందులు, చల్లటి కుకీ, మరిగే పాకం. ఆ తగువు ఆ ఇంట్లో నలభై ఏళ్ళు నడిచిందని కూతురు చెప్పింది. వదిన మాత్రం ఆవిడ అత్తగారి పక్షాన కాస్త మొగ్గింది.

వాల్‌నట్ ఆఖర్న. అప్పటికప్పుడు పెంకు కొట్టి తీసిన పప్పే వాడాలి. అందులో మూడింట రెండొంతుల దాకా నూనే గనక పెంకు తీసి ఉంచితే త్వరగా చేదెక్కుతుంది. మెత్తగా దంచితే ముద్దవుతుంది. కచ్చాపచ్చాగా దంచి దాల్చినచెక్క పొడి కలిపి చల్లింది. ఒక కాయ మాత్రం పెంకుతోనే ఉంచి క్రిస్మస్ రొట్టె మీద పిండితో చేసిన సిలువ నడుమ గుచ్చింది.

24 పొద్దున్నే పిల్లలు ఇనప త్రికోణాలు వాయించుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. "నా తా పూమే?" అంటే, పాడమంటారా అని. పాడారు. చిల్లర, తలో కుకీ పుచ్చుకుని పక్కింటికి పోయారు.

25 తెల్లవారకముందే చర్చి నుంచి వచ్చి ఇంటావిడ మొదటి కురబియేని నోట్లో వేసుకుంది. అన్నాళ్ళూ రుచి చూడకుండా చేసినవి. గడ్డం మీద పంచదార పొడితో కాసేపు నమిలి, వెన్న ఇంకాస్త గిలక్కొట్టాల్సిందని తేల్చింది. ఏటా ఇదే మాటంది కూతురు. వాటిలో గుడ్డుసొన పడిందని తెలిసి వదిన వాటి వైపు చూడలేదు. మాకోసం చేసిన వాయి రాత్రే అయిపోయింది. రెండో పళ్ళెం వైపు చూసి, "ఓవెన్లో చాలావరకు పోతుందన్నావు కదూ?" అంది.