నీటిమీద ఒక సెలవు రోజు

మన రాయగడ, కోరాపుట్ వారికి సముద్రం కొత్తది కాదు. అలాగని దగ్గరిదీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతంలో చాలాభాగం విశాఖపట్నం జిల్లాలోనిదే. నేటికీ మన చుట్టరికాలు, పెళ్లి బట్టలు, పెద్ద వైద్యం అన్నీ ఆ వైపే. వెళ్లినప్పుడు బీచిలో పాదాలు తడుపుకొని రైలు వేళకు తిరిగి వస్తాము. నీటిమీద ఒక పగలంతా ఊరకే కూర్చోవడం మాత్రం మా ఇంట ఎవరూ ఎరుగరు.

2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహారనౌక విశాఖనుండి చెన్నైకి ప్రయాణికులను తీసికొని పోతున్నదని తెలిసి, చీటీ పాట సొమ్ముతో టిక్కెట్లు కొన్నాను. కోలాబు జలాశయంలో పడవ తప్ప ఎరుగని పిల్లలు గంతులు వేశారు. డెబ్బై ఏళ్ల మా అమ్మ మాత్రం, “నేను రాను బాబూ, మీరు వెళ్లి రండి” అన్నది.

కారణం నాకు తెలుసు. ఆమె తాత కూలి పనికి విశాఖలో స్టీమరెక్కి రంగూను వెళ్లాడు. ఆ రోజులలో మన కోస్తా జిల్లాలనుండి వేలమంది అలాగే పోయేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద బర్మాలో తెలుగువారిని కొరంగీలనేవారు. 1931 జనగణన నాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరులో అక్కడ జపాను బాంబులు పడ్డాయి. మరుసటి ఏడు లక్షలమంది అరకాన్, అస్సాం దారులలో కాలినడకన బయలుదేరారు. ఎందరో దారిలోనే పోయారు. తాత కబురు మరి రాలేదు.

చివరకు మనవరాలు, “మామ్మా, నువ్వు లేకపోతే నేనూ ఎక్కను” అని మొండికేస్తే అమ్మ ఒప్పుకొన్నది.

రాత్రి డాల్ఫిన్స్ నోస్ కొండ వెనుకబడింది. తెల్లవారేసరికి నాలుగు దిక్కులా నీరే. ఫోనులు మూగబోయాయి. ఓడ పొడవు రెండువందల మీటర్లకు పైమాటే; అంతస్తులు పదకొండు. “ఒకరు కలిపి ఇచ్చిన కాఫీ కూర్చుని తాగడం ఎంత సుఖమండీ!” అన్నది మా ఇల్లాలు. అమ్మ మాత్రం గది ఊడ్చే మనిషి రాకముందే దుప్పట్లన్నీ మడతపెట్టేసింది.

మధ్యాహ్నం పైఅంతస్తులో, గాలికి కొంగు బిగించుకొని కూర్చున్నాక అడిగింది: “మన నాగావళి నీళ్లు ఇంతవరకు వస్తాయా?”

“శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి దగ్గర కలుస్తుందమ్మా. మనం దానికి దక్షిణంగా పోతున్నాము.”

“కలిసిన నీటికి దక్షిణమేమిటి, ఉత్తరమేమిటి?” అని నవ్వింది. కాసేపటికి, “రంగూను ఏ వైపు?” అన్నది.

తూర్పు చూపించాను. లేచి కమ్మీ పట్టుకొని చాలాసేపు నిలుచున్నది. ఆనాటి డెక్కు టిక్కెట్టు వాళ్లు పరుచుకొన్న చాపమీద ఎండకూ వానకూ ఓర్చి వెళ్లినవారు. మనం నీడలో కూర్చుని నిమ్మరసం తాగుతున్నాము. తరువాత పిల్లలను దగ్గరకు పిలిచి, తాత పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పి, రెండుసార్లు వాళ్లచేత అనిపించింది. ఆ పేరు నేను వినడమూ అదే మొదలు.

ఆ సాయంత్రం అమ్మ పిల్లలతో చీకటిపడేదాకా కబుర్లాడింది. భయం పోయిందో లేదో నేను అడగలేదు.

మన సంఘంలో పాత కుటుంబాలు చాలా ఉన్నాయి. రంగూను వెళ్లినవారు మీ ఇంటనూ ఉండవచ్చు. పెద్దలను అడిగి వారి పేర్లు వ్రాసి ఉంచండి. అందుకు ఓడ ఎక్కనక్కరలేదు. ఒక తీరిక మధ్యాహ్నం చాలు.