మనవరాలి కాలి ముద్ర

ఈ వారం పత్తి గురించి కాదు, ఇంటి సంగతి రాస్తున్నా. అయితే తిరిగి తిరిగి అది కూడా చేలోకే వెళ్లింది. కాస్త ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి కాన్పుకొచ్చి మా ఇంట్లోనే ఉంది. మనవరాలికి ఐదో నెల. కృష్ణాష్టమి అయ్యాక తల్లీబిడ్డల్ని బెంగళూరు పంపాలి. ఒకరోజు అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది. పసిబిడ్డ చెయ్యి మెత్తటి మట్టిలో అద్ది, ఆరబెట్టి, ఫ్రేము కట్టి గోడకి పెట్టుకుంటున్నారు. "నాన్నా, ఆ మట్టి డబ్బా ఆన్‌లైన్లో తెప్పిస్తా" అంది. "మట్టికి కూడా డబ్బులేంటమ్మా, మనకి మూడెకరాల మట్టి ఉంది" అన్నాను.

అమ్మాయికది సరదా. నాకు వేరే కారణం ఉంది. మా నాన్నకి చదువు రాదు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన గుర్తుగా నా దగ్గర మిగిలింది ఒక పాత ప్రోనోటు. రెవెన్యూ స్టాంపు మీద ఎడమచేతి బొటనవేలి ముద్ర. అప్పు తీరాక చెల్లు రాసి వెనక్కిచ్చిన కాగితం అది. ట్రంకుపెట్టెలో దాచుకున్నా. మనిషి ముద్ర అప్పు కాగితం మీదొక్కటే మిగిలిందే అని ఎప్పుడూ ఒక బాధ. ఈ బిడ్డ ముద్ర అలా కాకుండా ఇష్టంగా తీసి పెట్టుకోవాలనిపించింది.

గురువారం పొద్దున చేలోంచి దోసెడు నల్లరేగడి తెచ్చా. రాళ్లు, వేర్లు ఏరి, నీళ్లు పోసి పిసికి, పళ్లెంలో చదును చేశా. బిడ్డ చెయ్యి పట్టుకుని అద్దబోతే వేళ్లు విప్పదు. ఆ వయసు పిల్లలు అరచేతికి ఏది తగిలినా గుప్పిట బిగిస్తారు. ఒక వేలు విప్పితే రెండోది ముడుస్తుంది. నేను వేళ్లు విప్పడంలో ఉన్నా, అమ్మాయి ఫోటో తీయడంలో ఉంది, మా ఆవిడ నవ్వడంలో ఉంది. ఈలోగా గుప్పెడు మట్టి బిడ్డ నోట్లోకి పోయింది.

"నాన్నా, ఈ మట్టి ఎక్కడిది?" అని అడిగింది అమ్మాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం పచ్చదోమకి మందు కొట్టా. ట్యాంకు కలిపింది ఆ గట్టు మీదే. మట్టి తీసింది ఆ గట్టు పక్కనే.

నా కాళ్లు చచ్చుబడ్డాయి. అమ్మాయి తడిగుడ్డతో నోరంతా తుడిచింది. మా ఆవిడ ఉప్పునీళ్లు పట్టి కక్కిద్దామంది. అమ్మాయి ఒప్పుకోలేదు. ఆటోలో పట్నం వెళ్లాం. డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఏం మందు? డబ్బా తెచ్చారా?" తేలేదు. పేరడిగితే, నేనే కొన్న మందు, నేనే కొట్టిన మందు, ఆ కంగారులో నోటికి రాలేదు. పక్కింటి కుర్రాడికి ఫోన్ చేస్తే డబ్బా మీద చీటీ ఫోటో తీసి పంపాడు. పసుపు త్రికోణం. మూడు గంటలు అక్కడే కూర్చోబెట్టి చూశారు. దేవుడి దయ, ఏమీ కాలేదు. "కక్కించకపోవడం మంచిదైంది. కొన్ని మందులు పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పసిబిడ్డకి ఉప్పునీళ్లు కూడా ప్రమాదమే" అన్నారు. తిరుగు దారిలో అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

వసారాలో వదిలేసిన ఆ మట్టి పళ్లెం మూడు రోజులకి నెర్రెలు విచ్చింది. నల్లరేగడి ఎండితే పగులుతుందని తెలియని రైతునా నేను! ఆ ముచ్చటలో అదీ మర్చిపోయా.

తర్వాత మా ఆవిడ పూనుకుంది. రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, గ్లాసుకి కాస్త తక్కువ నీళ్లు పోసి పూరీపిండి కన్నా గట్టిగా కలిపింది. ఈసారి చెయ్యి జోలికి పోలేదు. బిడ్డ పాలు తాగి నిద్రపోయాక అమ్మాయి నెమ్మదిగా పాదం అద్దింది. ఐదు వేళ్లూ ముచ్చటగా పడ్డాయి. ఫ్యాను కింద ఆరబెట్టాం. రెండో రోజు ముసురు పట్టింది. ఉప్పు చెమ్మ పీల్చుకుని ముద్ద చెమర్చింది. బొటనవేలు జారింది, మడమ వాలిపోయింది. ఎండ కాసే రోజుల్లో అయితే నిలిచేదేమో.

కృష్ణాష్టమి వచ్చింది. మా ఆవిడ బియ్యప్పిండి తడిపి, పిడికిలి అంచుతో వాకిట్లోంచి దేవుడి గది దాకా చిన్ని పాదాలు వేసింది. అది చూసి అమ్మాయి గంజిలో ఇంట్లో దంచిన పసుపు కలిపి బిడ్డ పాదానికి రాసింది. నేను తెల్లటి దళసరి కాగితం పట్టుకున్నా. మొదటిసారి బిడ్డ కాలు జాడించింది, నా చొక్కా పసుపైంది. రెండోసారి కాగితం చినిగింది. మూడోసారి మడమ జారి సాగింది, వేళ్లు నాలుగే పడ్డాయి. ఇంకోటి తీద్దామంటే బిడ్డ ఏడుపు లంకించుకుంది. "చాల్లే నాన్నా, ఇదే బాగుంది" అంది అమ్మాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక నాతో నవ్వుతూ మాట్లాడింది అప్పుడే.

పసుపు వెలుతురుకి వెలిసిపోతుంది కాబట్టి ఫ్రేము కట్టలేదు. తేదీ వేసి, ట్రంకుపెట్టెలో మా నాన్న ప్రోనోటు పక్కన పెట్టా. సాగిన మడమ, నాలుగు వేళ్లు. చూసినప్పుడల్లా ఆ గురువారం కూడా గుర్తొస్తుంది. రావాలి కూడా.

వాళ్లు వెళ్లిన మర్నాడు నేను చేసిన మొదటి పని, వసారాలో మంచం కింద ఉన్న మందు డబ్బాలన్నీ తీసి మోటారు షెడ్డులో పెట్టి తాళం వేయడం. అన్నల్లారా, తమ్ముళ్లారా, డబ్బా మీద త్రికోణం రంగు చూసుకోండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం కాదని కాదు. కొట్టే ముందే డబ్బా చీటీ ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. మందు కొట్టిన బట్టలతో, చేతులతో పిల్లల్ని ఎత్తుకోకండి.

పిల్లల ముద్రలు తీసుకోండి, మంచి ముచ్చటే. నిద్రపోయాక, పాదమైతే తేలిక. చేలో మట్టి మాత్రం చేలోనే ఉండనివ్వండి.