మోత నాది, తుపాకీ వాడిది: తొలి వేటకు ఓ చౌక బ్యాగు



కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి. పై చదువులకు బయటి దేశాలకొస్తున్న మన పిల్లలు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు "అన్నా, అక్కడ పెద్ద జంతువు వేటకెళ్లావంట కదా, బ్యాగు ఏది కొన్నావు, ఎంతయింది" అని అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

ముందే ఒక మాట. ఇది అమెరికాలో కొలరాడో రాష్ట్రం సంగతి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులు చాలావాటిని ఒప్పుకుంది గానీ, వేట హక్కును మాత్రం పేరుపెట్టి మరీ పక్కన పెట్టింది. కాబట్టి ఇది చదివి ఊళ్లో ఎవరూ ఉత్సాహపడి కేసుల్లో ఇరుక్కోవద్దు.

నాతో చదివే ఒక కొలరాడో కుర్రాడికి ఆడ ఎల్క్‌కు ట్యాగ్ వచ్చింది. ట్యాగ్ అంటే ఫలానా చోట, ఫలానా రోజుల్లో, ఫలానా జంతువును ఒక్కదాన్ని కొట్టుకోవచ్చని ఇచ్చే అనుమతి. ఎల్క్ మన కణుజు చుట్టమే. మగది దాదాపు 320 కిలోలు, ఆడది 225 కిలోల దాకా తూగుతుంది. కొట్టడం ఒక్కడివల్ల అవుతుంది, కిందకి మోసుకురావడం ఒక్కడివల్ల కాదు. "నువ్వు కొండోడివి కదా, మోతకు వస్తావా" అన్నాడు. వస్తానన్నా. తుపాకీ మాత్రం ముట్టుకోనని చెప్పేశా. స్టూడెంట్ వీసా మీద ఉన్నోడికి తుపాకీ విషయంలో సవాలక్ష నిబంధనలుంటాయి. చదువు కోసం ఇంత దూరం వచ్చి ఆ తలనొప్పి నాకెందుకు?

ఇక బ్యాగు సంగతి. నేను క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. అద్దె కట్టి, ఇంటికి కొంత పంపాక మిగిలేది తక్కువ. బ్యాగుకు 100 డాలర్లు అని గీత గీసుకున్నా. దుకాణంలో వేటగాళ్ల బ్యాగుల వైపు వెళ్తే 500, 600, 700 డాలర్లు. అంటే మన డబ్బుల్లో యాభై వేల చిల్లర. ఫోన్లో నాన్నకు చెబితే "ఏటిరా, సంచికి అన్ని డబ్బులా? ఆ డబ్బుకి ఆవుని కొనొచ్చు" అన్నాడు. అని వెంటనే ఇంకో మాట అడిగాడు: "ఎంత మోత? ఎంత దూరం?"

ఆ రెండు ప్రశ్నల నుంచే నా లెక్క మొదలైంది. ఆడ ఎల్క్‌ను కోసి ఎముకలు తీసేస్తే మాంసం సుమారు 60, 65 కిలోలు వస్తుంది. మనుషులు ఇద్దరం. నా బరువే 58 కిలోలు. ఒక్క విడతలో తెచ్చేయాలనుకుంటే తలా 30 కిలోలు దాటుతుంది, మంచులో దిగుడు దారిలో మోకాళ్లు పోతాయి. రెండు విడతలైతే నాకు 16 కిలోల మాంసం, పైన నీళ్లు, చలి బట్టలు కలిపి 20 కిలోల లోపు. అంటే నాకు కావాల్సింది 20 కిలోలు నడుం మీద నిలబెట్టే బ్యాగు. కంపెనీ పేరు తర్వాత సంగతి.

నా ముందు నాలుగు దారులున్నాయి. ఒకటి, ఇండియా నుంచి తెచ్చుకున్న ట్రెక్కింగ్ బ్యాగు. 60 లీటర్లది, పైసా ఖర్చు లేదు. కానీ లోపల చట్రం లేదు, నడుం పట్టీ ఉత్త రిబ్బను. మాంసం మెత్తగా ఉంటుంది కదా, చట్రం లేకపోతే అడుక్కి జారి ముద్దగా కూర్చుంటుంది, మనిషిని వెనక్కి లాగుతుంది. రెండు, మిలిటరీ పాత సరుకు అమ్మే చోట దొరికే ఆలిస్ ప్యాక్. 1970లలో అమెరికా సైన్యం వాడకంలోకి తెచ్చింది. గట్టిది, చౌక. కానీ చట్రం పొట్టి, పాత నడుం పట్టీ పలచన. మూడు, ఆల్ప్స్ అవుట్‌డోర్జ్ వాళ్ల కమాండర్. బయటికి కనిపించే అల్యూమినియం చట్రం, దానికి తగిలించే సంచి. సంచి తీసేస్తే ఉత్త చట్రానికే మాంసం కట్టుకోవచ్చు, కింద ఆనడానికి అరలాంటిది ఉంటుంది. కొత్తది 200 డాలర్ల చుట్టుపక్కల. ఖాళీగానే 3 కిలోల పైన తూగుతుంది, అదే దాని లోపం. నాలుగు, ఆ ఖరీదైనవి. తేలిక, నడుముకి బాగా పడతాయి, ఏళ్ల తరబడి వస్తాయి. ప్రతి ఏడూ వేటకెళ్లేవాడికి ఆ డబ్బు దండగేం కాదు. ఏడాదికోసారి మోతకెళ్లే విద్యార్థికి మాత్రం ఎక్కువే.

మూడో రకందే సెకండ్‌హ్యాండ్‌లో 85 డాలర్లకు దొరికింది. డబ్బులిచ్చే ముందు ఇవి చూశా. చట్రం అతుకుల దగ్గర పగుళ్లున్నాయా? పట్టీలు కుట్టిన చోట దారం ఊడిందా? బకిల్స్ అన్నీ పడుతున్నాయా? నడుం పట్టీలో స్పాంజి చచ్చిపోయిందా? ఒక బకిల్ విరిగి ఉంది. కొత్తది మార్చుకోవడానికి రెండు డాలర్లయింది.

కొలత ఇంకా ముఖ్యం. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడి నుంచి నడుం ఎముకల పైఅంచు ఎత్తు దాకా వెన్ను మీదుగా టేపు పెట్టి కొలవాలి. అదే మన బ్యాగు సైజు. మనిషి పొడుగుకీ దీనికీ సంబంధం ఉండాలని లేదు. నడుం పట్టీ ఆ ఎముకల మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. ముందు నడుం పట్టీ బిగించాలి, ఆ తర్వాతే భుజం పట్టీలు. భుజాల పైనుంచి చట్రానికి వెళ్లే చిన్న పట్టీలు లాగితే బరువు వీపుకి దగ్గరవుతుంది. సరిగ్గా పడిందంటే భుజం పట్టీ కింద వేళ్లు దూరతాయి.

ఇదంతా ఫోన్లో చెబుతుంటే నాన్న నవ్వాడు. నలభై ఏళ్లుగా అల్లం, పసుపు కావిడితో సంతకు మోసిన మనిషి. "బరువు ఒంటికి దగ్గరుండాల, ఊగకూడదు. ఊగే బరువు రెండింతలవుద్ది. దానికి టేపులెందుకురా?" అన్నాడు. నిజమే. డోలీ మోసిన వాళ్లనెవర్నడిగినా ఇదే చెబుతారు. మా వైపు రోడ్డు లేని ఊళ్ల నుంచి పురిటి మనిషిని డోలీలో దించేటప్పుడు కర్రకు గుడ్డ ఎంత బిగించి కడతారో చూసినవాళ్లకి ఈ బ్యాగు సూత్రం కొత్తేమీ కాదు.

వేటకు మూడు వారాల ముందు నుంచి సాధన. ఇండియన్ షాపులో సోనామసూరి బియ్యం 20 పౌన్ల బస్తా దొరుకుతుంది, అంటే 9 కిలోలు. రెండు బస్తాలు చట్రానికి కట్టి, నీళ్ల సీసాలు పెట్టి, లైబ్రరీ మెట్లు ఎక్కి దిగా. మొదటి రోజు అరగంట, చివరికి రెండు గంటలు. చూసినవాళ్లు బియ్యం డెలివరీ అనుకున్నారు. దానివల్ల ఎడమ నడుం దగ్గర పట్టీ ఒరుసుకుంటోందని ఇంటి దగ్గరే తెలిసింది. పాత టవల్ ముక్క కుడితే సరిపోయింది.

అక్టోబర్ చివర్లో సాన్ హువాన్ కొండలకు వెళ్లాం. ఆ కొండలు యూట్ ఆదివాసులవి. 1873లో బ్రూనో ఒప్పందంతో ఆ నేల వాళ్ల చేతుల్లోంచి పోయింది, కానీ అక్కడ వేటాడే హక్కును వాళ్లు ఒప్పందంలో రాయించుకున్నారు. ఆ కాగితం ఆధారంగా ఈనాటికీ యూట్ తెగలు అక్కడ తమ సొంత నియమాలతో వేటాడుతున్నారు. రాత్రి టెంట్‌లో పడుకుని మన అటవీ హక్కుల చట్టంలో ఆ మినహాయింపు మాటే తలుచుకున్నా. నేల పోయినా వేట మిగుల్చుకున్నోళ్లు వీళ్లు. మనకేమో పట్టా కాగితం వచ్చింది, వేట పోయింది. చైత్రమాసం ఇటుకల పండుగకి మన మగవాళ్లు ఇంకా విల్లంబులు పట్టుకుని కొండెక్కుతారు, ఉత్త చేతులతో దిగొస్తే ఆడవాళ్లు ఆటపట్టిస్తారు. ఆ నవ్వు వెనక ఎంత పోయిందో అక్కడ, ఆ చలిలో తెలిసింది నాకు. అయితే అడవిలో జంతువులు తగ్గిపోయిన సంగతీ నిజమే, చట్టం ఊరికే రాలేదు. రెండూ కలిపి మాట్లాడుకోవాలి మనం.

మూడో రోజు పొద్దున్నే స్నేహితుడు ఎల్క్‌ను కొట్టాడు. బండికి 4 కిలోమీటర్ల దూరం. నాలుగు కాళ్ల మాంసం, వీపు కండలు అడవిలో వదిలేస్తే అక్కడ నేరం. గుడ్డ సంచుల్లో వేశాం. ప్లాస్టిక్‌లో వేస్తే వేడి బయటికి పోక మాంసం చెడిపోతుంది. సంచిని చట్రానికి దగ్గరగా, భుజాల మధ్య ఎత్తులో కట్టా. తుపాకీ సీజన్లో మెరిసే నారింజ లేదా గులాబీ రంగు చొక్కా, టోపీ తప్పనిసరి. మాంసం మూట మీద కూడా నారింజ గుడ్డ కట్టాం, దూరం నుంచి ఎవడైనా జంతువనుకుంటే ప్రమాదం కదా. రెండు విడతలు, రానూపోనూ 16 కిలోమీటర్లు. చీకటి పడేసరికి బండి దగ్గరున్నాం. కాళ్లు నొప్పులే గానీ భుజాలు బాగున్నాయి. నడుం పట్టీ పని చేసిందన్నమాట.

నేను అడక్కుండానే స్నేహితుడు 15 కిలోలు నాకు పక్కన పెట్టాడు. "మోసినోడి వాటా" అన్నాడు. మా ఊళ్లోనూ మోసినోడికి వాటా ఉంటుందని చెప్పా.

మొత్తం ఖర్చు: బ్యాగు 85, బకిల్ 2, గుడ్డ సంచుల్లో నా వంతు 10. 97 డాలర్లు. కొనాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు మోత ఎంతో, దూరమెంతో రాసుకోండి. తర్వాత మీ వెన్ను కొలవండి. దుకాణంలో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలీదు, బరువు వేసి నడవండి. ట్రెక్కింగ్‌కైనా, అడవిలో ఫీల్డ్ పనికైనా లెక్క ఇదే.

వచ్చే వేసవికి ఇంటికొస్తున్నా. సంచి ఇక్కడే ఉంచేసి చట్రం తెస్తా. అల్లం బస్తా కట్టి చూద్దామని నాన్న అన్నాడు. కావిడి కన్నా తేలికో కాదో ఆయనే చెప్పాలి. జోహార్.