నా ముడి

ఐదు నెలల్లో ఆరు చోట్లకు వెళ్లి మా చీరల గురించి చెప్పుకున్నాను. ఆరు చోట్లా ఒకటే జవాబు, 'మేమే ఫోన్ చేస్తాం.' ఒక్కరూ చేయలేదు.

మాది భూదాన్ పోచంపల్లి. నాయిన చిటికి కట్టి, అంటే రంగు అంటకుండా దారాలకు ముడులు వేసి, మగ్గం నేస్తాడు. మేకుల చుట్టూ దారం తిప్పుతూ అమ్మ ఇప్పటికీ చేత్తోనే ఆసు పోస్తుంది. నేను ఎంబీఏ చదివాను. దళారీ లేకుండా మా చీరలు నేరుగా పెద్ద దుకాణాలకు అమ్మాలనుకున్నాను. పట్టుకూ రంగులకూ డబ్బు కావాలని అమ్మ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాం. నేసిన చీరలు బీరువాలోనే ఉండిపోయాయి.

నా ప్రెజెంటేషన్‌లో 26 స్లైడ్లు. నెట్‌లో దొరికిన నీలం రంగు టెంప్లేట్. 1951లో వినోబా భావేకు మా ఊళ్లో వెదిరె రామచంద్రారెడ్డి భూదానంగా ఇచ్చిన 100 ఎకరాలు, మా చీరలకు వచ్చిన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు, 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేయడం, అన్నీ పెట్టాను.

ఆరోసారి వెళ్లింది హైదరాబాద్‌లో ఒక దుకాణాల సంస్థకు. నాకంటే ముందు లోపలికి వెళ్లినతనిదీ మా ఊరే. తలుపు సందులోంచి తెర కనిపించింది. అదే నీలం, అదే వినోబా. నా వంతు వచ్చాక నాలుగో స్లైడుకే మేనేజరు ఆపేశారు. "ఇదంతా ఇప్పుడే విన్నాం కదమ్మా. మీరిద్దరూ ఒకే కంపెనీయా?" నాకు నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చాక అమ్మ "ఏమన్నరు బిడ్డా?" అంది. ఏడుపు ఆగలేదు. నాయిన చాలాసేపు ఊరుకుని అన్నాడు: "పది మగ్గాల చీరలు కలిపి పెట్టినా నాదేదో నేను గుర్తువడత. నువ్వు చెప్పిన దాంట్ల నీదేది బిడ్డా?"

ఆ మాట మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. తొమ్మిదేళ్ల వయసు నుంచి సెలవులన్నీ నాయిన పక్కన కూర్చుని, సైకిల్ ట్యూబు చీలికలతో దారాలకు ముడులు వేశాను. కంపెనీ మనిషిలా కనపడాలని దాన్నే దాచాను.

26 స్లైడ్లు ఆరయ్యాయి. ఊరి ఘనత ఒక్క వరుసలోకి దిగింది. నీలం పోయి మా ఇంటి మెరూన్ వచ్చింది. కొన్న ఫొటోల స్థానంలో ఆసు ముందు కూర్చున్న అమ్మను పెట్టాను.

ఏడో చోట మాట మొదలుపెట్టకముందే, రంగులో ముంచి ఆరబెట్టిన నూలు చిలపను బల్ల మీద పెట్టాను. ఒక్కో ముడీ విప్పుతుంటే లోపలి తెలుపు బయటపడింది. "రంగు అంటని ఈ చోటే రేపు చీరలో పువ్వవుతుంది" అన్నాను. ఎదుటి మేడమ్ ఆ దారం చేతిలోకి తీసుకున్నారు. "ఈ ముడులు మీరే వేశారా?" అని అడిగి, నా పేరు రాసుకున్నారు.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. 12 చీరల ఆర్డరు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. ఫోన్‌లో ఆవిడ 'పోచంపల్లి వాళ్లేనా' అని అడగలేదు. నన్ను పేరు పెట్టి పిలిచారు.